విద్యుత్ లారీకి మే నెల లెక్క

చలికి విద్యుత్ బండ్ల పరుగు తగ్గిపోతుందన్న మాట మన ఊళ్లకూ చేరింది. 2024 జనవరిలో అమెరికాలోని షికాగోలో ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందికి పడిపోయినప్పుడు చార్జింగ్ కేంద్రాల ముందు విద్యుత్ కార్లు గంటల తరబడి బారులు తీరాయి. మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్న నగరం అది. ఆ వార్త నిజమే. అయితే ఆ వార్తను పట్టుకుని సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో లారీ కొనబోయే మనిషి నిర్ణయం తీసుకుంటే పొరపాటు పడతాడు. మన లారీని కొలవాల్సింది పరాయి దేశపు జనవరితో కాదు, మన మే నెలతో. ఇంకో మాట కూడా చెప్పాలి. ఎండ మన లారీకి చేసే నష్టం ఆ రోజు మీటరులో పెద్దగా కనిపించదు. నాలుగైదేళ్ల తర్వాత, కిస్తీలు ఇంకా కడుతూ ఉండగానే, కనిపిస్తుంది. అందుకే దాని గురించి ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ముందు చలి సంగతి చూద్దాం. బ్యాటరీలో కరెంటు పుట్టాలంటే లిథియం అయాన్లు ఒక పలక నుంచి ఇంకో పలకకు ద్రవంలో ప్రయాణం చేయాలి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది, అయాన్ల నడక మందగిస్తుంది, బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. ఇచ్చే శక్తిలో కొంత లోపలే ఖర్చవుతుంది. బ్రేకు వేసినప్పుడు తిరిగి బ్యాటరీలోకి రావాల్సిన కరెంటును కూడా చల్లటి బ్యాటరీ పూర్తిగా తీసుకోలేదు. సున్నా డిగ్రీల కంటే కింద వేగంగా చార్జ్ చేస్తే అయాన్లు పలక లోపలికి పోలేక పైనే లోహపు పొరగా పేరుకుంటాయి, అది బ్యాటరీకి చేటు. కాబట్టి బండిలోని కంప్యూటరే చార్జింగును తగ్గించేస్తుంది. వీటన్నిటికీ తోడు మనిషి కూర్చునే చోటు వెచ్చగా ఉండాలి. డీజిల్ ఇంజనుకు వ్యర్థంగా పోయే వేడి బోలెడు ఉంటుంది, అదే క్యాబిన్‌కు సరిపోతుంది. విద్యుత్ మోటారు దాదాపుగా శక్తిని వృథా చేయదు కాబట్టి ఆ వెచ్చదనాన్ని కూడా బ్యాటరీ నుంచే తీయాలి.

ఈ నష్టం ఎంత? అమెరికాలో వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో ఐదు విద్యుత్ కార్లను పరీక్షించి లెక్కలు ప్రకటించింది. మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటరు వేసుకుని నడిపితే సగటున 41 శాతం దూరం తగ్గింది. హీటరు వేయకపోతే తగ్గింది 12 శాతమే. అంటే నష్టంలో పెద్ద వాటా బ్యాటరీది కాదు, హీటరుది. అదే పరీక్షలో 35 డిగ్రీల వేడిలో ఏసీతో 17 శాతం, ఏసీ లేకుండా 4 శాతం తగ్గింది. ఈ అంకెలు కార్లవి. లారీకి యథాతథంగా పనికిరావు. చిన్న కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే 8 కిలోవాట్లు వాడుతుందనుకుందాం. అందులో 3 కిలోవాట్ల హీటరు చేరితే ఖర్చు మూడో వంతుకు పైగా పెరిగినట్టే. నిండు లోడుతో ఉన్న 55 టన్నుల లారీ అదే వేగంలో 70 కిలోవాట్ల దాకా వాడుతుంది. దానికి 3 కిలోవాట్లు అంటే నాలుగు శాతం. భారీ బండికి మనిషి సౌకర్యం ఖరీదు తక్కువ. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి లారీ విషయంలో భయపడాల్సిన పని సగం తగ్గుతుంది.

ఇక మన చలి. సూర్యాపేట జిల్లాలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కింద పడటం అరుదు. తెల్లవారుజామున 13, 14 డిగ్రీలు ఉన్నా పొద్దు పొడిచాక గంటన్నరలో తేరుకుంటుంది. పైగా భారీ లారీ బ్యాటరీ రెండు టన్నుల బరువుండే ముద్ద. సాయంత్రం దాకా నడిచిన బ్యాటరీ రాత్రికి రాత్రి చల్లబడదు. ఉత్తరాన ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, అటు ఆంధ్రప్రదేశ్‌లో లంబసింగి మన్యంలో చలి ఎక్కువే గానీ అక్కడ కూడా మంచు గడ్డకట్టి నెలల తరబడి ఉండే పరిస్థితి లేదు. కాబట్టి చలి వాదనను ఇక్కడితో వదిలేయవచ్చు. దాని మీద ఇంతకంటే సమయం పెట్టనక్కరలేదు.

ఎండ మాట వేరు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలు సంగతి, కొన్ని చోట్ల అంతకు మించిన రోజులూ ఉన్నాయి. మన సరుకు రవాణా ముమ్మరంగా సాగేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో కోతకొస్తాయి. మిర్యాలగూడ చుట్టూ దేశంలోనే పేరున్న బియ్యం మిల్లుల గుంపు ఉంది. ఆ మిల్లుల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు కట్టేది అప్పుడే. కాంటా దగ్గర, దిగుమతి దగ్గర గంటలకు గంటలు ఎండలో నిలబడక తప్పదు. మఠంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి వైపు సున్నపురాయి ఆధారంగా వెలసిన సిమెంటు ఫ్యాక్టరీలకు ఎండాకాలం అంటే నిర్మాణాల కాలం, గిరాకీ కాలం. ఈ సరుకులో కొంత భాగం హైదరాబాద్, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడల గుండా పోతుంది. చలి దేశంలో లారీకి పరీక్ష చలికాలం. మనకు పని కాలం, పరీక్ష కాలం రెండూ ఒకటే.

అయితే రోజువారీ ట్రిప్పులో ఎండ ఎంత దూరం తగ్గిస్తుంది? లెక్క వేసి చూస్తే భయపెట్టే అంకె రాదు. డ్రైవర్ క్యాబిన్ ఏసీకి 2, 3 కిలోవాట్లు. బ్యాటరీని చల్లబరిచే యంత్రానికి ఇంకో మూడు నాలుగు. మొత్తం కలిపి 70 కిలోవాట్లకు 6, అంటే ఎనిమిది శాతం చిల్లర. దీనికి ఎదురు ఎండ చేసే ఒక మేలు కూడా ఉంది. వేడి గాలి పలచన. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి తొమ్మిది శాతం దాకా తేలిక, కాబట్టి ఎదురుగాలి అంత తక్కువగా అడ్డుకుంటుంది. హైదరాబాద్, విజయవాడల మధ్య ఈ-గరుడ పేరుతో ఆర్టీసీ విద్యుత్ ఏసీ బస్సులు 2023 మే 16న, నడి ఎండాకాలంలోనే మొదలయ్యాయి. ఒక్క చార్జింగుకు 325 కిలోమీటర్లు పోతాయని అప్పుడు చెప్పారు. నలభై మంది కూర్చున్న బస్సును చల్లబరచడానికి లారీ క్యాబిన్ కంటే ఎన్నో రెట్లు ఏసీ కావాలి. ఏసీ వల్లే విద్యుత్ బండి దారిలో ఆగిపోతుందన్న వాదన ఈ రహదారి మీద నిలవదు. ఇక్కడే ఇంకో మాట గట్టిగా చెప్పాలి. దూరం మిగులుతుందని డ్రైవరును ఏసీ కట్టేయమనడం అన్యాయం. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్య తరహా, భారీ లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి అని కేంద్రం నిబంధన పెట్టింది. మే నెల మధ్యాహ్నం స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఒళ్లు చల్లగా ఉండటం రోడ్డు మీద అందరి ప్రాణాలకూ రక్ష. ఆ ఎనిమిది శాతాన్ని ఖర్చుల్లో రాసుకుని ముందుకు పోవాలి.

నిజానికి ఒక ట్రిప్పులో వాతావరణం కంటే ఎక్కువ తినేవి మూడున్నాయి: లోడు, వేగం, ఎత్తు. నిండు లోడు 55 టన్నుల బండి చదునైన రోడ్డు మీద కిలోమీటరుకు సుమారు 1.4 యూనిట్లు వాడుతుందనుకుంటే, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అందులో సగం కూడా వాడదు. గంటకు 60 మీద పోయే బండిని 80 మీద నడిపితే గాలి అడ్డు పెరిగి ఖర్చు పదిహేను శాతం దాకా ఎగబాకుతుంది. ఇది ఎండ చేసే నష్టానికి రెట్టింపు, పైగా డ్రైవరు కాలి కింద ఉన్న నష్టం. మూడోది ఎత్తు, దీని మాట ఎవరూ పెద్దగా ఎత్తరు. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద 500 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది, సూర్యాపేట దానికి 300 మీటర్లకు పైగా కింద ఉంది. రోడ్డు మీద మనకు ఘాటు కనిపించదు, కానీ ఎక్కుతూనే ఉంటాం. 55 టన్నులను 300 మీటర్లు ఎత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారమే 45 యూనిట్లు కావాలి, మోటారు నష్టాలు కలిపితే 50.

ఇప్పుడు మొత్తం కూడదాం. బ్యాటరీ 300 యూనిట్లది అనుకుందాం, అడుగు దాకా వాడకూడదు కాబట్టి చేతికి వచ్చేది 270. సూర్యాపేట నుంచి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు. చదును ఖర్చు 190 యూనిట్లు, ఎత్తుకు 50, మొత్తం 240. మే నెల వేడికి ఇంకో 19 కలపండి, 259. కొత్త బండి చేరుతుంది, పదకొండు యూనిట్లు మిగులుతాయి. ఎల్బీనగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆ పదకొండు యూనిట్లూ ధైర్యం ఇవ్వవు. కోదాడ ఇంకా నలభై కిలోమీటర్ల పైన దూరం, అక్కడి నుంచి నిండు లోడుతో ఒక్క బిగిన హైదరాబాద్ చేరడం ఈ బండికి కాని పని. దారిలో నార్కట్‌పల్లి వైపో చౌటుప్పల్ వైపో ఒకసారి చార్జింగ్ పెట్టాల్సిందే. ఇది కొత్త బ్యాటరీ లెక్క. అసలు ప్రశ్న పాతబడ్డాక ఏమవుతుందన్నది.

చలి తీసుకున్నదాన్ని తిరిగి ఇస్తుంది. వసంతం రాగానే షికాగో కారు మళ్లీ మునుపటి దూరం పోతుంది. ఎండ తీసుకున్నది తిరిగి రాదు. బ్యాటరీ లోపల ఎప్పుడూ నెమ్మదిగా అక్కర్లేని రసాయన చర్యలు జరుగుతూ ఉంటాయి. అవి లిథియాన్ని కొద్దికొద్దిగా పనికిరాకుండా చేస్తాయి. ఉష్ణోగ్రత పెరిగితే రసాయన చర్య ఎంత వేగం అందుకుంటుందో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1889లో సూత్రంగా చెప్పాడు. స్థూలంగా చెప్పుకుంటే పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపు. అన్ని బ్యాటరీలకూ ఈ రెట్టింపు అచ్చంగా వర్తించదు, కానీ దిశ మాత్రం ఇదే. 25 డిగ్రీల దగ్గర బతికే బ్యాటరీ, 45 డిగ్రీల దగ్గర బతికే బ్యాటరీ ఒకే వయసులో ముసలివి కావు. మన దేశంలో భారీ బండ్లలో ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడిని మిగతా రకాల కంటే బాగా ఓర్చుకుంటుంది, అంటుకునే ప్రమాదం కూడా తక్కువ. అది మంచి ఎంపిక. కానీ ఓర్పుకు కూడా హద్దుంది. నిండా చార్జ్ చేసి ఎండలో గంటల తరబడి నిలబెట్టడం ఆ రకానికీ చెరుపే.

ఇందాకటి లెక్కకు తిరిగి వద్దాం. బ్యాటరీ సామర్థ్యం ఇరవై శాతం తగ్గిందనుకోండి. చేతికి వచ్చే 270 యూనిట్లు 216 అవుతాయి. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు మే నెలలో కావలసినవి 259. కొత్తలో ఒక్క చార్జింగుతో పోయిన బండి ఇప్పుడు దారిలో ఆగాలి. ఆగితే గంట, ఆ చార్జరు దగ్గర ముందే ఇద్దరుంటే మూడు గంటలు. రోజుకు ఒక ట్రిప్పు తగ్గితే కిరాయి తగ్గుతుంది, కిస్తీ మాత్రం తగ్గదు. ఈ స్థితి మూడో ఏట వస్తుందా, ఎనిమిదో ఏట వస్తుందా అన్నది బ్యాటరీని ఎలా చల్లబరిచాం, ఎప్పుడు చార్జ్ చేశాం అన్న దాని మీదే ఉంది. ఎండ లెక్క అంటే ఇదే.

బ్యాటరీకి అన్నిటికంటే కష్టకాలం నడిచేటప్పుడు కాదు, వేగంగా చార్జ్ చేసేటప్పుడు. 240 కిలోవాట్ల చార్జరు తగిలించినప్పుడు అందులో ఐదు శాతం బ్యాటరీ లోపల వేడిగా మారినా 12 కిలోవాట్లు. ఆ వేడిని బయటికి తోయాలి, బయట గాలే 45 డిగ్రీలు. బ్యాటరీ వేడి ఒక హద్దు దాటగానే కంప్యూటరు చార్జింగు వేగాన్ని కోసేస్తుంది. గంటంబావులో అయ్యే పని రెండు గంటలు పడుతుంది. కోదాడ దగ్గర మధ్యాహ్నం రెండింటికి పై కప్పు లేని చోట చార్జరు పెడితే కాగితం మీద 240 కిలోవాట్లని రాసి ఉంటుంది, బండికి అందేది అందులో ఎంతో చెప్పలేం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం చార్జింగ్ కేంద్రాలకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా కరెంటు చౌక. సరఫరా సగటు ఖర్చులో 0.7 వంతు ధర. మిగతా వేళల్లో 1.3 వంతు. సోలార్ కరెంటు దండిగా ఉండే వేళ అది, కాబట్టి ఆ విధానంలో న్యాయం ఉంది. రాత్రి చార్జ్ చేసుకోండి, బ్యాటరీ బాగుంటుంది అని సలహా ఇస్తే కరెంటు బిల్లు దాదాపు రెట్టింపవుతుంది. మరి ఏం చేయాలి? వేళ ఒక్కటే కాదు, చోటు కూడా మన చేతిలో ఉంది. మిర్యాలగూడ మిల్లులకు పెద్ద పెద్ద షెడ్లున్నాయి, చాలా కప్పులు సోలార్ పలకలకు అనువైనవి. చార్జరు మీద పలకల కప్పు వేస్తే అదే కరెంటు ఇస్తుంది, అదే నీడ ఇస్తుంది. మధ్యాహ్నం వేగపు చార్జరుతో బ్యాటరీని ఉడికించడం కన్నా, లోడు దిగే మూడు నాలుగు గంటల్లో నీడలో 60 కిలోవాట్ల చార్జరుతో నిదానంగా నింపితే పుట్టే వేడి చాలా తక్కువ. కరెంటు వెళ్లే వేగం సగమైతే లోపల పుట్టే వేడి దాదాపు నాలుగో వంతుకు పడుతుంది. మన సరుకుకు ఎలాగూ నిరీక్షణ ఉంది. ఆ నిరీక్షణను చార్జింగుగా మార్చుకోవచ్చు. ఇది శీతల దేశాలు చెప్పే పాఠం కాదు, మన కాంటా దగ్గరి బారులు చెప్పే పాఠం.

ఇంకో అభ్యంతరం: వారంటీ ఉంది కదా, బ్యాటరీ పాడైతే కంపెనీ చూసుకుంటుంది కదా అని. ప్రధానమంత్రి ఈ-డ్రైవ్ పథకం కింద రాయితీ పొందే విద్యుత్ లారీ బ్యాటరీకి ఐదేళ్లు లేదా ఐదు లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇవ్వాలి. మంచి నిబంధన. కానీ వారంటీ సాధారణంగా సామర్థ్యం ఒక గీత కిందికి పడిపోయినప్పుడే పలుకుతుంది. ఇరవై శాతం తగ్గిన బ్యాటరీ చాలా ఒప్పందాల ప్రకారం ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. హైదరాబాద్ ట్రిప్పుకు మాత్రం చేతులెత్తేస్తుంది. ఆ పథకంలోనే ఇంకో లోటు నాకు కనిపిస్తోంది. రాయితీని బ్యాటరీ పరిమాణాన్ని బట్టి, యూనిట్‌కు 5,000 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 9 లక్షల 60 వేల దాకా ఇస్తున్నారు. బ్యాటరీ ఎంత పెద్దదన్నదే కొలత. 45 డిగ్రీల్లో దాన్ని ఎంత బాగా చల్లబరుస్తారన్నది కొలత కాదు. ద్రవంతో చల్లబరిచే మంచి ఏర్పాటుకు డబ్బు పెట్టిన తయారీదారుకు, పెట్టని వాడికి ఒకటే రాయితీ అయితే మన ప్రాంతపు కొనుగోలుదారుకు న్యాయం జరగదు.

ఇన్ని చిక్కులుంటే డీజిలే నయం కదా అని అడిగేవాళ్లకు నా సమాధానం ఒకటే. దారిని బట్టి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒకదానికొకటి 70 కిలోమీటర్లలోపే ఉన్నాయి. మిల్లు నుంచి రైల్వే గూడ్స్ షెడ్డుకు, గని నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి దగ్గరి పట్టణాల డీలర్లకు రోజూ ఒకే దారిలో తిరిగే బండికి ఇరవై శాతం తగ్గిన బ్యాటరీ కూడా చాలు. అలాంటి చోట విద్యుత్ లారీ ఇవాళే లాభం, డీజిల్ ఖర్చు తప్పుతుంది, మిల్లు వాకిట్లో పొగ తప్పుతుంది, రోజంతా ఆ పొగ పీల్చే హమాలీల ఊపిరితిత్తులు తేరుకుంటాయి. హైదరాబాద్‌కూ విజయవాడకూ నిండు లోడు లాగే బండికి మాత్రం దారి మధ్య నీడ ఉన్న భారీ చార్జింగ్ కేంద్రాలు వచ్చాకే అడుగు వేయడం మంచిది. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి విద్యుత్ లారీ మంచిదా చెడ్డదా అని తగువులాడటంలో అర్థం లేదు.

కొనబోయే ఓనర్లను, మిల్లర్లను, లారీ సంఘాల పెద్దలను వేడుకునేది ఇదీ. అమ్మడానికి వచ్చిన వాళ్లను ఒక్క చార్జింగుకు ఎంత దూరం పోతుందని మాత్రమే అడిగి ఊరుకోకండి. నిండు లోడుతో, 45 డిగ్రీల ఎండలో, ఏసీ వేసుకుని, సూర్యాపేట నుంచి హైదరాబాద్ వైపు ఎక్కేటప్పుడు ఎంత దూరమో కాగితం మీద రాసివ్వమనండి. ఐదో ఏట బ్యాటరీలో ఎంత మిగిలి ఉంటుందని హామీ ఇస్తారో, ఏ గీత దాటితే మారుస్తారో అడగండి. మధ్యాహ్నం వేళ చార్జింగు నిజంగా ఎంత వేగంతో ఎక్కుతుందో మీ కళ్ల ముందే చూపించమనండి. బండి కొనే ముందు మే నెలలో ఒక వారం మీ దారి మీదే నడిపి చూడండి. చార్జింగ్ కేంద్రాలకు అనుమతులిచ్చే అధికారులు పై కప్పును తప్పనిసరి షరతుగా పెట్టాలి, ఈ రహదారిని ఆరు వరసలుగా విస్తరించే పనిలోనే భారీ బండ్లు నిలిచే చోట నీడతో పాటు డ్రైవర్లకు తాగునీరు, పడుకునే చోటు కూడా చేర్చాలి.